టైటానియమా, జిర్కోనియానా? చిగుళ్ల జబ్బు వచ్చి తగ్గిన నోటికి ఏ ఇంప్లాంట్ మంచిది?

గళ్లనుడికట్టు:

కింది దవడలో కుడివైపు పెద్ద దవడపన్ను ఒకటి పోయింది. పుచ్చి కాదు, చిగుళ్ల జబ్బుతో చుట్టూ ఎముక కరిగి కదిలిపోయింది. మిగతా పళ్లకు చిగుళ్ల నిపుణురాలి దగ్గర లోతుగా శుభ్రం చేయించుకున్నాను. ఇప్పుడు బ్రష్ చేస్తే రక్తం కనిపించడం లేదు. సిగరెట్లు మానేశాను. మధుమేహం లేదు. నిద్రలో పళ్లు నూరుతానని నా భార్య అంటుంది. పొద్దున లేచేసరికి దవడ బిగుసుకుపోయి ఉంటుంది కాబట్టి ఆమె మాట నిజమే అయి ఉండాలి.

ఆ ఖాళీలో ఇంప్లాంట్ పెట్టించుకుందామని ఇద్దరు డాక్టర్ల దగ్గరికి వెళ్లాను. మొదటాయన టైటానియం అన్నారు, ఇక మాట్లాడటానికేమీ లేదన్నట్టు ఫైలు మూసేశారు. రెండో ఆయన సొరుగులోంచి తెల్లటి జిర్కోనియా నమూనా తీసి నా అరచేతిలో పెట్టారు. నున్నగా, ముచ్చటగా ఉంది. "ఇది లోహం కాదు. చిగురు దీన్ని సొంత పన్నే అనుకుంటుంది. బ్యాక్టీరియా దీనిమీద నిలవదు" అన్నారు. చిగుళ్ల జబ్బుతో పన్ను పోగొట్టుకున్నవాడికి ఇంతకంటే తీపి మాట ఏముంటుంది? అందుకే అనుమానం వచ్చింది.

జబ్బు తెచ్చిన బ్యాక్టీరియా నా మిగతా పళ్ల దగ్గర ఎంతో కొంత ఉండే ఉంటుంది కదా. అది కొత్త ఇంప్లాంట్ మీదికి చేరుతుందా? చేరితే, టైటానియం మీద ఎక్కువ, జిర్కోనియా మీద తక్కువ అనే మాటలో నిజమెంత? అంతర్జాలంలో ఒకచోట టైటానియం విషమని రాశారు, ఇంకోచోట జిర్కోనియా పుటుక్కున విరుగుతుందని రాశారు. రెండూ అమ్మేవాళ్ల రాతల్లాగే ఉన్నాయి. పెట్టించుకున్నవాళ్లు, పెట్టేవాళ్లు చెబితే వినాలని ఉంది.

పారిజాతం:

నాకు పై దవడలో ముందు పన్ను జిర్కోనియా. ఎముకలోకి వెళ్లే మర, చిగురు పైకి వచ్చే మొలక కలిసి ఒకే ముక్కగా ఉండే రకం. నా చిగురు పలచన. టైటానియం పెడితే అంచు దగ్గర బూడిదరంగు నీడ తేలుతుందని మా డాక్టర్ దీన్ని సూచించారు. చిగురు గులాబీరంగులో, బిగువుగా ఉంది. పక్కనున్న సొంత పంటికంటే దానిమీద పాచి తక్కువ పడుతుందని నాకు అనిపిస్తుంది. సాయంత్రానికి నాలుకతో తడిమితే తేడా తెలుస్తుంది.

అయితే ఒక సంగతి. పైతొడుగు అంటించిన కొత్తలో చిగురు ఉబ్బి, నొక్కితే రక్తం వచ్చేది. పదార్థం ఒంటికి పడలేదేమోనని హడలిపోయాను. చూస్తే, అంటించేటప్పుడు పొంగిన సిమెంటు పిసరు ఒకటి చిగురు కింద మిగిలిపోయింది. దాన్ని తీసేయగానే వాపు తగ్గింది. ముందు పంటికి జిర్కోనియా మంచిదనే అంటాను. దవడపంటికి, అందులోనూ పళ్లు నూరేవారికి ఎలా ఉంటుందో తెలిసినవాళ్లే చెప్పాలి.

మూడుమిల్లీమీటర్లు:

చిగుళ్ల వైద్యం నా వృత్తి. ఇంప్లాంట్లు పెడతాను. అంతకంటే ఎక్కువగా, ఎవరో పెట్టినవి చెడితే బాగుచేసే పని నాది. కాబట్టి నా చూపులో కాస్త అనుమానం పాలు ఎక్కువ. ఆ మేరకు తగ్గించుకుని చదవండి.

గళ్లనుడికట్టు గారూ, మీ రెండో డాక్టర్ మూడు మాటలు చెప్పారు. జిర్కోనియా లోహం కాదన్నది నిజం. బ్యాక్టీరియా నిలవదన్నది సగం నిజం. చిగురు దాన్ని సొంత పన్ను అనుకుంటుందన్నది మాత్రం ఒట్టి మాట. చిగురు జిర్కోనియాను చూసీ మోసపోదు, టైటానియాన్ని చూసీ మోసపోదు.

ఆ ఒట్టి మాటతోనే మొదలుపెడతాను, ఎందుకంటే ఇంప్లాంట్ చుట్టూ వచ్చే జబ్బులన్నిటికీ మూలం అక్కడే ఉంది. సొంత పంటి వేరు మీద సిమెంటం అనే పొర ఉంటుంది. చిగురులోని కొల్లాజెన్ పోగులు ఆ పొరలోకి అడ్డంగా దిగి పాతుకుపోయి ఉంటాయి. ఇంప్లాంట్‌కు ఆ పొర లేదు. అందువల్ల పోగులు దాని పక్కన నిలువునా సాగుతాయి, కొన్ని వేలికి ఉంగరంలా చుట్టూ తిరుగుతాయి. లోపలికి దిగేది మాత్రం ఒక్కటీ ఉండదు. పంటికీ ఎముకకూ నడుమ ఉండే లిగమెంట్ కూడా ఇక్కడ లేదు, దానిగుండా చిగురుకు అందే రక్తనాళాలూ లేవు. పంటి చుట్టూ వాపు వస్తే చాలావరకు వాపుకూ ఎముకకూ మధ్య ఆరోగ్యమైన కణజాలపు పట్టీ ఒకటి అడ్డు నిలుస్తుంది. ఇంప్లాంట్ చుట్టూ వచ్చిన వాపు ముదిరితే ఆ అడ్డు లేక నేరుగా ఎముక దాకా పోతుంది.

దీన్ని మనుషుల మీదే పరీక్షించి చూశారు. సొంత పళ్లు, ఇంప్లాంట్లు రెండూ ఉన్న వాలంటీర్ల చేత మూడు వారాలు ఆ భాగాల్లో బ్రష్ చేయడం మాన్పించారు. 2012లో వచ్చిన ఆ అధ్యయనంలో పాచి రెండుచోట్లా పేరుకుంది, కానీ ఇంప్లాంట్ చుట్టూ చిగురు పంటి చిగురుకంటే ఎక్కువగా ఎర్రబడి ఉబ్బింది. మళ్లీ బ్రష్ చేయడం మొదలుపెట్టిన మూడు వారాలకు కూడా పూర్తిగా మునుపటి స్థితికి రాలేదు. ఇంప్లాంట్ పక్కన చిగురు పాచిని అంతగా సహించదన్న మాట.

ఇక లోహం సంగతి. టైటానియం గాలి తగిలిన మరుక్షణం పైన ఆక్సైడ్ పొర కట్టుకుంటుంది. మందం కొన్ని నానోమీటర్లే. గీసుకుపోతే మళ్లీ తనంతట తానే కట్టుకుంటుంది. మీ ఎముకకూ చిగురుకూ తగిలేది ఆ టైటానియం ఆక్సైడే. జిర్కోనియా అంటే ఇట్రియంతో స్థిరపరచిన జిర్కోనియం ఆక్సైడ్. మీ రక్తం, లాలాజలం వైపు నుంచి చూస్తే రెండూ ఆక్సైడ్‌లే. "లోహం, లోహం కానిది" అని గీసే గీత ప్రకటనల్లో కనిపించినంత మందంగా చిగురు దగ్గర ఉండదు. స్వీడన్‌కు చెందిన పెర్-ఇంగ్వార్ బ్రోనెమార్క్ 1965లో తన మొదటి రోగికి పెట్టిన టైటానియం మరలు, ఆ రోగి 2006లో చనిపోయేవరకు పనిచేశాయి. విషమైతే అన్నాళ్లు నిలిచేవి కావు.

బ్యాక్టీరియా దగ్గరికి వద్దాం. శుభ్రం చేసిన ఏ ఉపరితలాన్ని నోట్లో పెట్టినా నిమిషాల్లో లాలాజలంలోని ప్రొటీన్లు దానిమీద సన్నని పొరగా పరుచుకుంటాయి. బ్యాక్టీరియా ముందుగా ముట్టుకునేది ఆ పొరను. మొదట వచ్చేవి స్ట్రెప్టోకాకస్ జాతులు, వాటివల్ల పెద్ద హాని లేదు. వాటిని పట్టుకుని ఫ్యూసోబ్యాక్టీరియం చేరుతుంది. అటూ ఇటూ అంటుకోగలిగినది కాబట్టి వెనక వచ్చేవాటికి అది వంతెన అవుతుంది. చివర్లో, చిగురు కింద గాలి ఆడని లోతులో, పోర్ఫిరోమోనాస్ జింజివాలిస్ లాంటి అసలు దుష్టులు చేరతాయి. మీ పన్నును ఊడగొట్టినవాటిలో అది ఉండి ఉండవచ్చు. ఇంప్లాంట్ పెట్టిన కొన్ని వారాల్లోపే పక్క పళ్ల జేబుల్లోని, అంటే చిగురు పంటిని వదలడంతో ఏర్పడిన సందుల్లోని, బ్యాక్టీరియా దాని మీదికి చేరుతుంది. అంటే మీ మొదటి ప్రశ్నకు జవాబు: అవును, చేరుతుంది. మిగతా పళ్ల చుట్టూ లోతైన జేబులు మిగిలి ఉంటే ఇంప్లాంట్‌కు ముందే వాటి పని చూడాలనేది అందుకే.

పదార్థం తేడా ఎక్కడ కనిపిస్తుందంటే, ఈ కథ తొలి ఘట్టంలో. 2004లో ఇటలీ పరిశోధకులు టైటానియం, జిర్కోనియా బిళ్లలను మనుషుల నోళ్లలో 24 గంటలు ఉంచి తీసి చూశారు. జిర్కోనియా మీద సుమారు 12 శాతం, టైటానియం మీద సుమారు 19 శాతం ఉపరితలాన్ని బ్యాక్టీరియా కప్పేసింది. పారిజాతం గారి నాలుక అబద్ధం చెప్పడం లేదు. అమ్మకందారుల కాగితాల్లో మీకు కనిపించేదీ ఇలాంటి అంకెలే. కానీ అది ఒక్క రోజు లెక్క. పొర మందమెక్కాక పైన కూర్చునే బ్యాక్టీరియాకు అడుగున ఏ పదార్థం ఉందో పట్టదు, తన కింద ఉన్న మరో బ్యాక్టీరియాయే దానికి నేల. ఏళ్ల తరబడి మనుషుల్లో పోల్చి చూసిన అధ్యయనాలు తీసుకుంటే, కొన్నిటిలో జిర్కోనియా చుట్టూ రక్తం కారడం కాస్త తక్కువ. ఎముక కరగడంలో మాత్రం చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

పదార్థంకంటే ఉపరితలం గరుకుదనం ఎక్కువ లెక్కలోకి వస్తుంది. ఇందులో ఒక పేచీ ఉంది. ఎముకకు గరుకు కావాలి. ఇప్పటి మరల ఉపరితలాన్ని ఇసుకలాంటి రేణువులతో కొట్టి, ఆమ్లంతో తినిపించి కావాలనే గరుకు చేస్తారు, సుమారు 1 నుంచి 2 మైక్రాన్ల దాకా (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). నోటి బ్యాక్టీరియా ఒక్కొక్కటి ఇంచుమించు ఒక మైక్రాన్ ఉంటుంది. ఎముక కణాల కోసం తవ్విన గుంటలు దానికీ చక్కగా సరిపోతాయి. ఎముకలో మునిగి ఉన్నంతకాలం ఆ గరుకుతో బాధ లేదు. ఎముక కొంచెం కిందికి జారి ఆ మరలు చిగురులోకి బయటపడ్డాయో, అక్కడ చేరిన పాచిని ఏ బ్రష్షూ వదిలించలేదు. చెడిన ఇంప్లాంట్‌ను ఆపరేషన్‌లో తెరిచినప్పుడు నేను ఎక్కువసేపు గడిపేది ఈ మరల గాళ్ల మధ్యే. ఒక గాడి అంచు శుభ్రమైందనుకుని నీళ్లు కొట్టి, దీపం కాస్త పక్కకు తిప్పి చూస్తే దాని నీడలో ఇంకా పసుపుపచ్చ గార కనిపిస్తుంది.

చిగురు గుండా పైకి వచ్చే భాగం వేరు, దాన్ని అబట్‌మెంట్ అంటారు. దానికి నునుపు కావాలి. సగటు గరుకుదనం 0.2 మైక్రాన్ దాటితే పాచి పెరుగుతుంది. 0.2 కంటే ఎంత నునుపు చేసినా అదనపు లాభం కనిపించదు. 1990ల నుంచి మేమంతా పట్టుకున్న అంకె అది. బాగా మెరుగుపెట్టిన టైటానియం అబట్‌మెంట్ ముందు, గరుకుగా వదిలేసిన జిర్కోనియా అబట్‌మెంట్ ఏ రకంగానూ గొప్పది కాదు.

అందుకే "ఏ పదార్థం?" అని అడిగితే నేను ఎదురు ప్రశ్న వేస్తాను: ఏ భాగానికి? ఎముకలో మర, చిగురులో అబట్‌మెంట్, పైన కొరికే తొడుగు. మూడూ ఒకే పదార్థంతో ఉండాలన్న నియమం లేదు. టైటానియం మర, పైన జిర్కోనియా తొడుగు అనేది ఇప్పుడు మామూలు జోడీ. ఆ పదార్థాల ఎంపికకూ హద్దులున్నాయి లెండి. 1998లో కుక్కల్లో చేసిన ఒక ప్రయోగంలో టైటానియం, అల్యూమినా (అల్యూమినియం ఆక్సైడ్) అబట్‌మెంట్లకు చిగురు బాగా అతుక్కుంది. బంగారు మిశ్రమలోహం పెట్టినచోట సరిగా అతుక్కోక కిందికి జారింది, ఎముకా తగ్గింది. కాబట్టి పదార్థం అసలు పట్టించుకోనక్కర్లేదని కాదు. మీ ముందున్న రెండూ చిగురు ఒప్పుకునేవే అంటున్నాను.

మీ నోటికి నేనైతే టైటానియం మర పెడతాను. కారణం చిగురు కాదు, మీ పళ్లు నూరే అలవాటు. జిర్కోనియా గట్టిదే కానీ వంగదు. హద్దు దాటిన వంపు బరువు పడితే విరుగుతుంది. ఒకే ముక్కగా వచ్చే రకం విరిగితే ఎముకలోంచి తవ్వి తీయాలి. పైగా ఒకే ముక్క రకానికి తొడుగును సిమెంటుతో అంటించడం తప్ప దారి లేదు, దానితో పారిజాతం గారికి వచ్చిన తంటాయే వస్తుంది. ఆ తంటా అరుదేమీ కాదు. 2009లో ప్రచురితమైన ఒక పరిశీలనలో, వాపు ఉన్న ఇంప్లాంట్ల చుట్టూ చిగురు కింద సన్నని ఎండోస్కోప్‌తో చూస్తే 81 శాతం చోట్ల సిమెంటు మిగిలి ఉంది. తీసేశాక నాలుగింట మూడు వంతుల దాకా వాపు పోయింది. దవడపంటికి మరతో బిగించే తొడుగు అడగండి. ఏదైనా తేడా వస్తే విప్పి చూడవచ్చు, శుభ్రం చేసి మళ్లీ బిగించవచ్చు.

గళ్లనుడికట్టు:

ఇంత ఓపికగా రాసినందుకు కృతజ్ఞతలు, డాక్టర్ గారూ. చిగురు దగ్గర ఏ భాగం ఏమిటో ఇప్పుడే అర్థమైంది. ఇంతకాలం ఇంప్లాంట్ అంటే ఒక్క ముక్క అనుకుంటున్నాను.

రెండు సందేహాలు మిగిలాయి. చెడిన ఇంప్లాంట్ చుట్టూ చిగురులో టైటానియం రేణువులు దొరికాయని చదివాను. దాని అర్థం లోహం అరిగి జబ్బు తెచ్చిందనే కదా? రెండోది, ఫ్లోరైడ్ టూత్‌పేస్టు టైటానియాన్ని తినేస్తుందని మా బంధువొకాయన గట్టిగా వాదిస్తున్నారు. నేను ఇప్పుడు వాడుతున్నది అదే.

మైనపుకత్తి:

డాక్టర్ గారు మీ సందేహాలు చూసేలోపు ల్యాబు వైపు నుంచి ఒక మాట. నేను డెంటల్ టెక్నీషియన్‌ని. మీ నోట్లోకి వెళ్లే అబట్‌మెంట్లు, తొడుగులు మా బల్ల మీదే తయారవుతాయి. నునుపు గురించి ఆయన రాసినదానికి మా వైపు కథ చాలామందికి తెలియదు.

జిర్కోనియా తొడుగు మా దగ్గర కొలిమిలోంచి వచ్చాక రెండు రకాలుగా ముగించవచ్చు. ఒకటి, గ్లేజ్ పూసి మళ్లీ కాల్చడం. రెండోది, వజ్రపు పొడి రబ్బరు చక్రాలతో గరుకు నుంచి సన్నం దాకా వరసగా మెరుగుపెట్టడం. గ్లేజ్ చేసింది నిగనిగలాడుతుంది, చూసినవాళ్లు మెచ్చుకుంటారు. మెరుగుపెట్టిందాని మెరుపు కాస్త లోలోపలిది. చిగురుకు తగిలే భాగానికి నేను గ్లేజ్ పూయను. అది గాజు పొర, కాలక్రమంలో అరిగి చిట్లుతుంది, అడుగునున్న గరుకు బయటపడుతుంది. మెరుగుపెట్టిన జిర్కోనియాలో బయటపడటానికి అడుగున వేరే పొరంటూ లేదు.

ఒక వరస చక్రాన్ని దాటవేస్తే ఏమవుతుందో చెబుతాను. కంటికి తేడా తెలియదు. గోరు పెట్టి గీసినా తెలియదు. భూతద్దం కింద పెట్టి దీపం ఏటవాలుగా పడేలా తిప్పితే అప్పుడు, ఒకే దిక్కుకు పోయే సన్నని గీతలు దుమ్ములా లేస్తాయి. తొందర ఉన్న రోజు ఆ వరసే ముందు ఎగిరిపోతుంది.

దీనికంటే నన్ను బాధపెట్టేది ఇంకొకటి. మేము అంత పనిచేసి పంపిన తొడుగు నోట్లో పెట్టి చూసినప్పుడు కాస్త బిగువుగా ఉందని కుర్చీ దగ్గర వజ్రపు ములుకుతో పక్కన కొంచెం అరగదీస్తారు. అరగదీయడంలో తప్పేమీ లేదు, అవసరమే. ఆ తర్వాత అక్కడ మళ్లీ మెరుగుపెట్టాలి. అది పెట్టకుండానే బిగించేస్తే డాక్టర్ గారు చెప్పిన 0.2 మైక్రాన్ మాటకు అర్థమే లేదు. మీరు తొడుగు వేయించుకునే రోజు అరగదీస్తే, "మళ్లీ పాలిష్ చేస్తారా?" అని మర్యాదగానే అడగండి.

ఆకారం కూడా చూసుకోవాలి. దవడపన్ను పైన వెడల్పు, కింద మర సన్నం. ఆ సన్నం నుంచి వెడల్పుకు ఒక్కసారిగా బొర్రలా పొంగించి చేస్తే దాని కింద బ్రష్ దూరే చోటుండదు. పొంగు కోణం 30 డిగ్రీలు దాటిన ఇంప్లాంట్ల చుట్టూ జబ్బు ఎక్కువగా కనిపించిందని 2018లో వచ్చిన ఒక అధ్యయనం చెప్పింది. మర మరీ పైపైన పెడితే మాకు ఆ పొంగు తప్పదు. చిగురు ఎత్తు తగినంత ఉండేలా మర లోతు చూసుకుంటే మెల్లగా వెడల్పు చేసుకుంటూ రావచ్చు. ఈ పని ఆపరేషన్ రోజే సగం నిర్ణయమైపోతుంది. ల్యాబులో ఎంత గొప్పవాళ్లున్నా మిగిలిన సగమే వాళ్ల చేతిలో ఉంటుంది.

మూడుమిల్లీమీటర్లు:

మైనపుకత్తి గారు చెప్పిన ప్రతి మాటకూ నా ఓటు. బొర్ర తొడుగు కింద దూరలేక వంకర తిరిగిన బ్రష్షులు చాలా చూశాను.

గళ్లనుడికట్టు గారి సందేహాలకు. చెడిన ఇంప్లాంట్ల చుట్టూ చిగురులో టైటానియం రేణువులు ఎక్కువగా కనిపించడం నిజమే. కానీ అవి జబ్బు తెచ్చాయా, జబ్బువల్ల వచ్చాయా అన్నది తేలలేదు. వాపు ఉన్నచోట ఆమ్లం పెరుగుతుంది, బ్యాక్టీరియా ఆమ్లాలు వదులుతుంది, ఇవి ఆక్సైడ్ పొరను దెబ్బతీయగలవు. శుభ్రం చేసేవాళ్లు ఉక్కు పనిముట్లతో గీకినా రేణువులు రాలతాయి. 2017లో అమెరికా, యూరప్ చిగుళ్ల వైద్య సంఘాలు కలిసి జబ్బుల వర్గీకరణను తిరగరాసినప్పుడు ఈ రేణువుల సంగతీ చూశాయి. జబ్బుకు అవే కారణమనడానికి ఆధారాలు చాలవన్నాయి. గట్టి ఆధారాలున్నవని వాళ్లు తేల్చినవి మూడు: గతంలో తీవ్రమైన చిగుళ్ల జబ్బు ఉండటం, పాచి సరిగా తీయకపోవడం, ఇంప్లాంట్ పెట్టాక క్రమంగా పరీక్షకు రాకపోవడం. పొగతాగడం, మధుమేహం విషయంలో ఆధారాలు ఇంకా పూర్తిగా కుదరలేదని రాశారు. నాకైతే ఆ వాక్యం మింగుడుపడదు. పొగతాగేవాళ్ల చిగుళ్లు మానే తీరు రోజూ చూస్తున్నవాణ్ని. మీరు మానేసినందుకు సంతోషం.

ఆ మూడింటిలో మొదటిది మీకు ఉంది, దాన్ని ఎవరూ మార్చలేరు. రెండోదీ మూడోదీ మీ చేతిలో ఉన్నాయి.

ఫ్లోరైడ్ మాటలో పిసరంత నిజం ఉంది. బాగా ఆమ్లగుణం ఉన్న ఫ్లోరైడ్ జెల్లు టైటానియం ఆక్సైడ్ పొరను తినగలవు. అవి కుర్చీలో డాక్టర్లు పూసేవి. మామూలు టూత్‌పేస్టులు ఆమ్లంగా ఉండవు, వాటితో భయం లేదు. సొంత పళ్లు ఇంకా ఉన్నాయి కాబట్టి ఫ్లోరైడ్ మీకు అవసరం కూడా. మీ బంధువుగారికి నా నమస్కారాలు. మానాల్సింది ఏమైనా ఉంటే బొగ్గుపొడి, గరుకు పళ్లపొడి లాంటివి.

శుభ్రం చేయించుకునేటప్పుడు ఇంప్లాంట్ ఉన్న సంగతి ముందే చెప్పండి. టైటానియం మీద గార గీకే మామూలు ఉక్కు స్కేలర్ గీత పెడుతుంది. ప్లాస్టిక్, కార్బన్ ఫైబర్, టైటానియం మొనలున్న పనిముట్లు ఉంటాయి. గ్లైసిన్, ఎరిత్రిటాల్ లాంటి మెత్తటి పొడిని నీటితో కలిపి చిమ్మే యంత్రం ఇంకా మేలు. మొదటిసారి తొడుగు బిగించిన తర్వాత ఒక ఎక్స్-రే, చుట్టూ చిగురు లోతు కొలతలు రాయించి దాచుకోండి. ప్రోబ్‌తో, అంటే చిగురు లోతు కొలిచే సన్నని పుల్లతో, ఇంప్లాంట్ చుట్టూ కొలవకూడదనే పాత నమ్మకం ఇంకా కొందరిలో ఉంది. మెల్లగా కొలిస్తే ఏమీ కాదు, కొలవకపోతేనే ప్రమాదం. ఆ మొదటి కాగితం లేకపోతే తర్వాత చూసేవాళ్లం 6 మిల్లీమీటర్ల లోతు, రక్తం, 3 మిల్లీమీటర్ల ఎముక నష్టం కనిపించేదాకా జబ్బని ఖాయంగా అనలేని పరిస్థితి వస్తుంది. అప్పటికి ఆలస్యం.

నొప్పి కోసం ఎదురుచూడకండి. ఇంప్లాంట్ చుట్టూ జబ్బు చాలాకాలం నొప్పి లేకుండానే నడుస్తుంది. రక్తం, ఉబ్బు, నొక్కితే చీము, చెడు రుచి. వీటిలో ఏది కనిపించినా ఆ వారమే రండి. చిగురు వాపు దశలో దొరికితే శుభ్రం చేస్తే తగ్గుతుంది. ఎముక దాకా పోయాక ఆపడమే కష్టం, పోయిన ఎముకను తిరిగి తేవడం ఇంకా కష్టం.

గళ్లనుడికట్టు:

రెండో డాక్టర్ గారిని మళ్లీ కలిశాను. టైటానియం మర, మరతో బిగించే జిర్కోనియా తొడుగు కావాలని, చిగురుకు తగిలేచోట గ్లేజ్ వద్దని చెప్పాను. ఆయన కాసేపు నన్నే చూసి, "ఇవన్నీ మీకెవరు చెప్పారు?" అన్నారు. కాదనలేదు. పళ్లు నూరడానికి రాత్రిపూట పెట్టుకునే గార్డు కూడా రాశారు. ఒక్కటే మిగిలింది. ఇంప్లాంట్ పక్కల్లో ఫ్లాస్ వాడాలా, చిన్న బ్రష్ వాడాలా?

మూడుమిల్లీమీటర్లు:

చిన్న బ్రష్. లోపలి తీగకు ప్లాస్టిక్ తొడుగు ఉన్నది, ఖాళీలో కాస్త బిగువుగా పట్టే సైజు. సైజు మీరు ఎంచుకోకండి, కుర్చీలో కూర్చోబెట్టి పెట్టి చూపించమనండి. దవడపంటికి ముందొకటి, వెనకొకటి వేర్వేరు సైజులు కావాల్సి రావచ్చు. ఫ్లాస్‌తో వచ్చిన చిక్కేమిటంటే, ఎముక తగ్గి గరుకు మర బయటపడి ఉంటే పోగులు దానికి పట్టుకుని తెగి లోపలే ఉండిపోతాయి, ఆ పోగుల చుట్టూ వాపు మొదలైన కేసులు ప్రచురితమయ్యాయి. మీ సొంత పళ్ల మధ్య హాయిగా వాడుకోండి. ఇంప్లాంట్ దగ్గర వాడాలనిపిస్తే, ఎముక మర పైఅంచు దాకా ఉందని ఎక్స్-రేలో చూపించుకున్నాకే.